పలక వేలు, ఒంటి కన్ను

పొన్నుస్వామికి జబ్బులు రావు. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదు, ఆయనే చెప్పుకునేవాడు. వీధిలో ఎవరికి చక్కెర వచ్చినా, ఎవరి మోకాళ్లు పట్టేసినా, అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "నోరు కట్టుకోలేనోళ్లకు వచ్చే రోగాలు ఇవన్నీ" అని తీర్పు చెప్పేసేవాడు. తిరుత్తణిలో మురుగన్ కొండకు పోయే దారి పక్కనున్న ఆ నేతగాళ్ల వీధిలో ఆయన తీర్పుకు ఎదురు లేదు. ఒకప్పుడు చేనేత సొసైటీకి అధ్యక్షుడు. ఆడికృత్తిక పండుగకు వీధి తరఫున కావళ్లు ఎత్తే జట్టుకు ఇప్పటికీ పెద్ద. మాల వేసుకున్న దినాల్లో బాలసుబ్రమణ్యం దగ్గర ఎండుచేప వాసన వచ్చిందని, నడివీధిలో అందరి ముందూ అతని భుజం మీది కావడి దించేయించిన మహానుభావుడు. బాలసుబ్రమణ్యం మళ్లీ ఆ జట్టులోకి రాలేదు.

లోపల నూలు కండెలు చుట్టుకుంటూ కోకిల ఈ తీర్పులన్నీ వినేది. ఆమె ఆయనకు భార్య, అంతకు ముందే అక్క కూతురు. పుట్టినప్పటినుంచీ మామను చూస్తూనే ఉంది కాబట్టి ఆయన గొప్పలు ఆమె దగ్గర చెల్లేవి కావు. వీధి తల ఊపే ప్రతి చోటా ఆమె ముక్కుతో "హుఁ" అనేది. అది అరుగు దాకా వినిపించేది కాదు. వినిపించేటట్టు ఆమె అననూ లేదు.

నోరు కట్టుకున్న ఆ మనిషి సంగతి ఆమెకు తెలుసు. అప్పుడప్పుడూ సొసైటీ వ్యాన్ చీరల మూటలతో నాయుడుపేట వ్యాపారుల దగ్గరికి పోతుంది. పదవి దిగిపోయి ఏళ్లయినా, సరుకు దగ్గరుండి అప్పజెప్పకపోతే కొంపలు మునుగుతాయన్నట్టు పొన్నుస్వామి ఆ వ్యాన్ ముందు సీట్లో ఎక్కి కూర్చునేవాడు. సరుకు మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకంటే, దారిలో ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర ఒక హోటల్ ఉంది. అందులో మేక ఈరల వేపుడు, అదే కార్జం వేపుడు, ఉంది, తలకాయ కూర ఉంది, చల్లటి బీరు తెచ్చిపెట్టే మనిషి ఉన్నాడు. తిరుత్తణికి అంత దూరాన కూర్చుని ఆయన అవన్నీ కడుపారా తిని, సోంపు నమిలి, నుదుటి విభూతి సరిచేసుకుని ఇంటికి వచ్చేవాడు. చొక్కా ఉతికేది కోకిల. పక్కవాడి నోట్లో ఎండుచేపను పసిగట్టిన ముక్కుకు తన చొక్కా వాసన తెలియలేదు పాపం.

మర్నాడు తెల్లారేసరికి కుడికాలి బొటనవేలు వాచేది. ఎర్రగా నిగనిగలాడుతూ, దుప్పటి అంచు తగిలినా కెవ్వుమనేంత నొప్పి. ఆ వేలికి వీధిలో పేరు సిద్ధంగా ఉంది. పలక వేలు. గుంట మగ్గంలో కూర్చుని ఏళ్ల తరబడి కాలి కింది చెక్క పలకలు తొక్కిన ముసలివాళ్లకు బొటనవేలి కణుపు కాయ కట్టి లావెక్కుతుంది. అది పనిమంతుడి గుర్తు. పలక వేలు ఉన్న పెద్దాయన వస్తే కుర్రవాళ్లు లేచి చోటిస్తారు. పొన్నుస్వామి ఆ వేలిని నలుగురికీ కనిపించేటట్టు చాపి, "నలభై ఏండ్లు తొక్కినాను రా పలకలు, సుమ్మా వస్తాదా ఇది, ఊరికే?" అనేవాడు. నిజానికి ఆయన పలకలు తొక్కింది పెళ్లయిన కొత్తలో కొన్నేళ్లే. ఆ తరువాత తొక్కిందంతా సొసైటీ ఆఫీసు మెట్లు. నలభై ఏళ్లు తొక్కింది కోకిల. ఆమె కణుపూ కాయ కట్టింది, కానీ ఆడదాని వేలికి ఎవరూ పేరు పెట్టలేదు, చోటూ ఇవ్వలేదు.

ఒకసారి నొప్పి తట్టుకోలేక, వీధివాళ్ల కంటబడకుండా ఆటోకు రెండు పక్కలా తెర దించి, బజారులో ఉన్న డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన రక్తం పరీక్ష చేయించి, ఇది గౌట్ అన్నాడు. ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లలో సన్నటి పలుకులుగా పేరుకుంటుందని చెప్పాడు. పొన్నుస్వామి చెవి అంచున ఉన్న తెల్లటి బుడిపెలు కూడా అవేనన్నాడు. అంతవరకు ఆ బుడిపెలు దీర్ఘాయుష్షుకు గుర్తని ఆయన వీధికి చెప్పి ఉన్నాడు. రోజూ మాత్ర వేసుకోవాలి, బీరు మానాలి, ఈరలు తలకాయలు మానాలి అని డాక్టరు చెబుతుంటే పొన్నుస్వామి తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు.

"ఈ సంగతి వీధిలో పొక్కిందంటే నేను తలెత్తుకోని తిరగలేను. నువ్వు నోరు తెరిచినావంటే కొండ మీదనుంచి దూకేస్తా" అన్నాడు ఆటోలో భార్యతో.

"దూకల్లంటే మెట్లెక్కల్ల గదా మామా. ఆ వేలితో యాడెక్కుతావు?" అంది కోకిల.

అలా అన్నది గాని, నోరు మాత్రం తెరవలేదు. ఆయన మాత్రలు కొన్నాళ్లు మింగి, వేలు తగ్గగానే డబ్బాను అటక మీదికి విసిరేశాడు. ఎలవూరు మానలేదు.

అదే కాలంలో కన్ను మసకబారడం మొదలైంది. పొన్నుస్వామికి పనికొచ్చే కన్ను ఒక్కటే. పడుచుతనంలో పక్క మగ్గం మీదినుంచి పోగు మోసే నాడె ఎగిరివచ్చి ఎడమకంటికి తగిలింది, అది అప్పుడే పోయింది. మిగిలిన కుడికంట్లో ఇప్పుడు శుక్లం ముదిరింది. చీర అంచులో పోగు తెగినా తెలియడం లేదు. ఎదురుగా వచ్చేది ఎవరో గొంతు విన్నాక గాని పోల్చుకోలేడు. ఆ ఒక్కటీ పోతే ఇక చీకటే. కళ్లుండగానే మంచినీళ్లు ముంచుకోని మనిషి, గుడ్డివాడైతే నా గతేమిటి అని కోకిల పైకి విసుక్కునేది. కానీ మురుగన్ పటం ముందు నిలబడితే ఆమె నోట వచ్చే మొక్కు ఆ కన్ను గురించే. ఆయన మీద ఎంత కోపమున్నా, ఆయనకు చీకటి కావాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు.

తిరువళ్లూరు కంటి ఆస్పత్రి వాళ్లు వీధిలో క్యాంపు పెట్టి, శుక్లాలున్నవాళ్లను ఏరి బస్సులో తీసుకుపోయారు. అందరినీ పోగుచేసింది పొన్నుస్వామే, బస్సులో ముందు సీటూ ఆయనదే. ఆ రోజు వీధిలో పడుగు నూలు సాగదీసే పని ఉంది. దాన్ని మధ్యలో వదిలిపోయే వీల్లేక కోకిల ఆగిపోయి, సాయంత్రం రైలుకు వస్తానంది. అందువల్ల ఆ పొద్దు ఆస్పత్రిలో జరిగింది ఆమె కళ్లారా చూడలేదు. తరువాత ఎదురింటి తంగమ్మ చెబితే విన్నది. తంగమ్మకూ ఆ రోజే ఆపరేషన్.

హాల్లో బెంచీల మీద వీధి వీధంతా వరసగా కూర్చుంది. నర్సు ఒక్కొక్కరి ముందూ ఆగి చక్కెర ఉందా, బీపీ ఉందా, ఆయాసం ఉందా అని అడుగుతోంది. ముసలివాళ్లకు చెవులు వినబడవు కాబట్టి అడగడమూ అరుపే, చెప్పడమూ అరుపే. ఎవరి రోగమేదో హాలంతా వింటోంది. పొన్నుస్వామి వంతు వచ్చేసరికి, ఒంటికన్ను మనిషని డాక్టరమ్మే స్వయంగా వచ్చింది. నివేద అని చిన్న వయసు పిల్ల. ఆమె మాట్లాడేది తమిళమే.

"వేరే ఏదావదు ఇరుక్కా అయ్యా? ఉండేది ఒక్క కన్ను. ఇంకేమన్నా జబ్బుంటే ఇప్పుడే చెప్పండి. కాలికి ఆ గుడ్డ ఎందుకు చుట్టారు? కీళ్లనొప్పులా?"

పొన్నుస్వామి అటూ ఇటూ చూశాడు. ఆ మసకలోనూ బెంచీల నిండా ఎవరున్నారో ఆయనకు తెలుసు. కావడి జట్టంతా ఉంది. బాలసుబ్రమణ్యం కూడా ఉన్నాడు.

"నాకా? జబ్బా?" అని నవ్వాడు. "ఇది పలక వేలమ్మా. మగ్గం తొక్కి తొక్కి వచ్చింది. కావల్లంటే మా వీధిని అడుగు."

డాక్టరమ్మ వీధిని అడిగింది. వీధి ఒక్క గొంతుతో చెప్పింది.

"అవునమ్మా, పలక వేలే. మాలో పెద్దోళ్లకు వస్తాది."

అందరికంటే గట్టిగా చెప్పింది పెరుమాళ్. సొసైటీ వ్యాన్ నడిపేది అతనే, పొన్నుస్వామికి తోడుగా వచ్చాడు. "మా తలైవరు, మా పెద్దాయన, నలభై ఏండ్లు తొక్కినారు డాక్టరమ్మా" అని సాక్ష్యం పలికాడు. మగ్గం మొహం ఎరగని పిల్ల, అంతమంది పెద్దవాళ్లు ఒట్టేసినట్టు చెబితే నమ్మక ఏం చేస్తుంది? ఆపరేషన్ చేసేసింది.

మర్నాడు కట్లు విప్పారు. తంగమ్మ గోడ మీది బల్లిని చూసి, "అమ్మా, ఎంత పెద్ద బల్లి!" అని పొంగిపోయింది. అప్పటివరకు బల్లిని చూసి అంత సంతోషించిన మనిషి ఆ వార్డులో లేదు. ఒకాయన తన చేతి గీతలు తానే చూసుకుంటూ కూర్చున్నాడు. పొన్నుస్వామికి కట్టు విప్పితే అంతా తెల్లగా ఉంది, గంజిలో ముంచిన గుడ్డను కంటికి అడ్డం పెట్టినట్టు. డాక్టరమ్మ వేళ్లు చూపిస్తే ఎన్నో చెప్పలేకపోయాడు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర నీరు పట్టి ఉబ్బిందని, కొందరికి ఇలా అవుతుందని, చుక్కలు వేస్తుంటే మెల్లగా తేటపడొచ్చని ఆమె చెప్పింది.

"ఏ జబ్బూ లేదన్నారు కదా, మరి ఇంత ఉబ్బు ఎందుకొచ్చిందో" అని తనలో తాను అనుకున్నట్టు అన్నది.

మంచం పక్కన నిలబడి ఉన్న కోకిలకు అప్పుడు అర్థమైంది. ఈ మనిషి గౌట్ సంగతి చెప్పనే లేదన్నమాట. ఆమె నోరు తెరవబోయింది. మంచం మీదినుంచి పొన్నుస్వామి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని నొక్కింది. నీళ్ల చెంబును వెతుక్కోలేని చెయ్యి, పెళ్లాం నోరు మూయించడానికి మాత్రం సరిగ్గా దొరకబుచ్చుకుంది. చుట్టూ మంచాల మీద వీధివాళ్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు. చుక్కలతో తేటపడుతుందంటున్నారు కదా, పడితే ఇక రచ్చ ఎందుకు అని కోకిల సర్దుకుంది.

తేటపడలేదు. ఇంటికొచ్చాక పొన్నుస్వామి గడప తట్టుకుని బోర్లా పడ్డాడు. చారు గిన్నెలో చెయ్యి పెట్టాడు. గోడను పట్టుకుని పెరట్లోకి పోతూ కూడా అందరి తప్పులూ ఎంచేవాడు. మాట పొగరు మసకబారలేదు, అదొక్కటీ తళతళలాడుతూనే ఉంది. డాక్టరమ్మ చూపించుకోవడానికి రమ్మని ఫోన్ చేయిస్తే పోలేదు. చుక్కల మందూ ఆపేశాడు.

"చిన్నపిల్ల చేతికి కన్నిచ్చినాను. ఎవురికి చెప్పుకునేది" అని అరుగు మీద కూర్చుని వాపోయేవాడు.

ఎలవూరు పోలేకపోతే ఎలవూరే పొట్లంలో వచ్చింది. పెరుమాళ్ ఒకరోజు ఆకులో చుట్టిన పొట్లం తెచ్చి, "ప్రసాదం అక్కా, అన్నకు పెట్టు" అని కళ్లలోకి చూడకుండా ఇచ్చిపోయాడు. కోకిల విప్పి చూసి, ఆ ఈరల ప్రసాదాన్ని తీసుకుపోయి దిబ్బ మీది కుక్కకు వేసింది. కుక్క భక్తిగా తిన్నది.

ఆ తరువాత పొన్నుస్వామికి పోరాటం చెయ్యాలనిపించింది. తన కన్ను తీసేసిన ఆస్పత్రి గేటు ముందు వీధిని నిలబెట్టి, డాక్టరమ్మ చేత తప్పు ఒప్పించాలట. ఫ్లెక్సీ కొట్టించారు. దాని మీద ఈయన ఫోటో ఒకటి, సొసైటీ ఎన్నికల నాటిది, జుట్టు నల్లగా, రెండు కళ్లూ బాగున్నట్టు కనబడే పక్కనుంచి తీసింది. కన్ను పోయిందని ఏడ్చే ఫ్లెక్సీకి ఆ ఫోటో ఏమిటని కోకిల అడిగితే, "అందులో బాగుంటాను" అన్నాడు. ఆమె ఆ రోజు ముక్కుతో కాదు, నోటితోనే హుఁ అంది.

వీధి మొత్తం ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్లూరులో దిగింది. ఆస్పత్రి గేటు దగ్గర ఫ్లెక్సీ ఒక కొస బాలసుబ్రమణ్యం, ఇంకో కొస తంగమ్మ పట్టుకున్నారు. అదే డాక్టరమ్మ చేసిన ఆపరేషన్‌తో వచ్చిన చూపుతో తంగమ్మ ఫ్లెక్సీ మీది అక్షరాలు చక్కగా కూడబలుక్కుంటూ ఆమెను తిట్టింది. "నీతి వేండుం", న్యాయం కావాలి, అని పెరుమాళ్ అరిస్తే, "వేండుం, వేండుం" అని మిగతావాళ్లు అరిచారు. అరుస్తూ మధ్యమధ్య ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు చూసుకున్నారు. ఇంతమందిలో ఈయన కన్ను ఎందుకు పోయిందని నిజంగా అడిగేవాడు ఒక్కడు లేడు కదా అని కోకిలకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరమ్మ తానే కిందికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. పోలీసులను పిలవలేదు, కోప్పడలేదు.

"అయ్యా, అరవండి, పరవాలేదు. ముందు లోపలికి రండి, కన్ను చూస్తాను. మీ ఒంట్లో ఏదో ఉంది, అది మాకు తెలియడం లేదు. తెలిస్తే ఏదో ఒక దారి వెతుకుతాం. ఇలాగే వదిలేస్తే ఆ కాస్తా పోతుంది."

"నా ఒంట్లో ఏమీ లేదు! తప్పు నీ చేతిలో ఉండాది!" అన్నాడు పొన్నుస్వామి, ఆమె ఉన్న చోటికి కాకుండా పక్కనున్న స్తంభం వైపు వేలెత్తి.

ఆ వేలు స్తంభాన్ని బెదిరించడం కోకిల చూసింది. అప్పటిదాకా ఆమెలో ఉన్న వెటకారమంతా ఒక్కసారిగా ఏడుపుగా మారింది. పరువు పోతే పోనీ అనుకుని ముందుకు వచ్చింది.

"ఆయనకు గౌట్ ఉండాదమ్మా."

"మే! సుమ్మా ఉండు!" అని గదిమాడు పొన్నుస్వామి.

"ఉండను మామా. ఇన్ని దినాలు సుమ్మానే ఉండి నీ కన్ను పోగొట్టినాను." ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "రక్తం చూసి తిరుత్తణి డాక్టరు చెప్పినాడు. యూరిక్ యాసిడ్ అంట. మాత్రలు అటక మీద పడేసినాడు. అది పలక వేలు గాదు, పాడు గాదు. ఎలవూరులో ఈరలు తిని, బీరు తాగి తెచ్చుకున్న వేలు. ఆ చెవి చూడండి, అదీ అదే."

ఇక మిన్ను విరిగి మీద పడుతుందని ఆమె కళ్లు మూసుకుంది. ఏమీ పడలేదు. తెరిచి చూస్తే వీధి వీధంతా నేల చూపులు చూస్తోంది. నోరు వెళ్లబెట్టినవాళ్లు ఒక్కరు లేరు. తంగమ్మ ఫ్లెక్సీ కర్ర ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

"అది తెలిసిందే గదక్కా" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"ఏంది తెలిసింది?"

"ఎలవూరు సంగతి. వీధిలో అందరూ ఎరుగుదుం. పెరుమాళ్ పెండ్లానికి చెప్పినాడు, ఆ యమ్మ మాకు చెప్పింది. వ్యాన్ పోయొచ్చిన మర్నాడు వేలు వాస్తాదని పిల్లోళ్లకు గూడా తెలుసు."

కోకిల ఒక్కొక్కరి ముఖం చూసింది. పరువు పరువు అని ఆమె కాపాడుకుంటూ వచ్చింది ఈ ముఖాల దగ్గరే.

"తెలిసీ ఆ పొద్దు డాక్టరమ్మ అడిగితే పలక వేలని సాక్ష్యం చెప్పినారా?"

"పెద్దమనిషి దాచుకుంటా ఉంటే మేమెట్ల బయట పెడతామక్కా? మర్యాదగా ఉండదు గదా" అన్నాడు పెరుమాళ్.

"మర్యాదంట! తూ! ఇంకొకరి కన్నుతో మర్యాద చేసే మొగోళ్లు. నువ్వయితే తినేదానికి తోడు కూర్చోని, పొట్లం కట్టించి ఇంటికి గూడా పంపినావు గదరా! దానికి గూడా మర్యాదనే పేరా?"

పెరుమాళ్ తల దించుకున్నాడు. బాలసుబ్రమణ్యం మాత్రం దించుకోలేదు.

"నేను మర్యాదకు మూసుకోలేదక్కా. నా భుజం మీద కావడి దించినోడు అంతమందిలో ఏం చెప్తాడో చూద్దామని సుమ్మా కూర్చున్యాను. లోపల నవ్వుకున్యాను గూడా. కన్ను దాకా వస్తాదని నాకేం తెలుసు" అన్నాడు.

లోపలికి రమ్మంటే పొన్నుస్వామి కోకిల భుజం పట్టుకుని లోపలికి నడిచాడు.

డాక్టరమ్మ కన్ను చూసి, వేలు చూసి, చెవి చూసి, రక్తం తీయించి, అప్పుడు కూర్చుని చెప్పింది. నల్లగుడ్డు మీది పొరకు లోపలివైపు సన్నటి కణాలు పరిచినట్టు ఉంటాయి. పొరలో చేరే నీటిని అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి కాబట్టే అది అద్దంలా ఉంటుంది. అవి పోతే మళ్లీ పుట్టవు. శుక్లం ఆపరేషన్‌లో అందరికీ కొన్ని పోతాయి. ఏళ్ల తరబడి గౌట్ ఉన్నవాళ్లలో ఈ కణాలు ముందే తగ్గి ఉండొచ్చని, ఆపరేషన్‌లో మరికాస్త ఎక్కువ పోవచ్చని పరిశోధనలు చేసినవాళ్లు కొందరు చెబుతున్నారు.

"మీకు దానివల్లే ఇలా అయిందని నేను ఖాయంగా చెప్పలేను" అంది. "కానీ ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే, ముందుగా ఆ కణాలు ఎన్నున్నాయో చూపించేవాళ్లం. తక్కువుంటే చెన్నైకి, పెద్ద సర్జన్ దగ్గరికి పంపేవాళ్లం. నేనైతే ముట్టుకునేదాన్నే కాదు. నేనూ ఆ కాలి గుడ్డ విప్పి చూడాల్సింది, చూడలేదు."

ఇప్పుడు ఉప్పునీటి చుక్కలు, వాపు తగ్గే చుక్కలు వేస్తూ చూడాలి. యూరిక్ యాసిడ్‌కు రోజూ మాత్ర పడాలి. నెలలు గడిచినా పొర తేటపడకపోతే, చనిపోయినవాళ్లు దానం చేసిన కన్నునుంచి ఆ లోపలి పొర తెచ్చి వేయాలి, అదీ చెన్నైలోనే. చూపు కొంత వస్తుందేమో, ఎంత అన్నది చెప్పలేనంది. పొన్నుస్వామి చెవితోనే అంతా విని, "సరి" అన్నాడు. ఆయన నోట ఎదురు లేకుండా ఆ మాట రావడం కోకిల ఎన్నడూ వినలేదు. వినాలని కోరుకున్న రోజులున్నాయి గాని, ఇలా మాత్రం కాదు.

సాయంత్రం రైల్లో వీధంతా ఒకే పెట్టెలో ఎక్కింది. ఫ్లెక్సీని చుట్టి బాలసుబ్రమణ్యం సీటు కింద తోశాడు. మామూలుగా అయితే కేకలూ వేళాకోళాలూ, బఠానీల పంపకాలూ ఉండాలి. అరక్కోణం దాటినా ఒక్క పొట్లమూ విప్పుకోలేదు. కోకిల మాత్ర తీసి, నీళ్ల సీసాతో పాటు పొన్నుస్వామి చేతిలో పెట్టింది. ఆయన వీధి ముందు దాన్ని నోట్లో వేసుకుని మింగాడు. నీళ్లు కొన్ని గడ్డం మీదికి కారితే తుడుచుకోలేదు. కాసేపటికి ఆమె వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అందరికీ తెలుసునా మే? మొదటినుంచీ?"

"తెలుసంట మామా."

"మరి నేను ఎవురికి దాచినాను?"

ఆమె కొంగుతో ఆయన గడ్డం మీది నీళ్లు తుడిచింది.

"ఇప్పుడు ఎవురెవురు నవ్వుతాండారు?" అన్నాడు మళ్లీ.

కోకిల పెట్టె అంతా చూసింది. పెరుమాళ్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. తంగమ్మ కిటికీ వైపు తిరిగి, కొత్తగా చూపొచ్చిన కంటిని కొంగుతో ఒత్తుకుంటోంది. బాలసుబ్రమణ్యం రెండు చేతులతో ముఖం కప్పుకుని వంగి కూర్చున్నాడు.

"ఎవురూ నవ్వడం లేదు మామా."

"అబద్ధం చెప్పొద్దు మే" అన్నాడు పొన్నుస్వామి, ఆ తెల్లటి మసకలోకి తల అటూ ఇటూ తిప్పుతూ.

ఆమె నిజమే చెప్పింది. తిరుత్తణిలో దిగేటప్పటికి కూడా ఆయన నమ్మలేదు.